సమ్మె మేలా, బాయ్‌కాట్ మేలా? ఎమ్మా దారి, డొలోరెస్ దారి

రెక్కాడితే గానీ డొక్కాడని ఆడవాళ్లు కూలి కోసం నిలబడాలంటే, పని ఆపేయడం మేలా? ఆ సరుకు కొనేవాళ్ల చేత కొనడం మాన్పించడం మేలా? అమెరికాలో మెక్సికన్ మూలాలున్న ఇద్దరు ఈ దారుల్లో చాలా దూరం నడిచారు. టెక్సస్‌లో ఎమ్మా తెనయూకా నమ్ముకున్నది సమ్మెను. కాలిఫోర్నియాలో డొలోరెస్ వెర్తా సమ్మెతో మొదలుపెట్టి బాయ్‌కాట్‌కు వెళ్లారు. నా ఓటు బాయ్‌కాట్‌కే. అలాగని ఎమ్మా దారిని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు.

ముందు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నగరం పడమటి వాడలకు వెళ్దాం. పెకాన్ అంటే అక్రోటుకు దగ్గరి చుట్టం లాంటి కాయ. గాలి ఆడని షెడ్లలో, బల్లల చుట్టూ ఇరుకిరుగ్గా కూర్చుని, ఎక్కువగా ఆడవాళ్లే ఆ పప్పు ఒలిచేవారు. బద్ద బద్దగా వస్తే పౌనుకు 7 సెంట్లు, ముక్కలైతే 6. పలాసలో జీడిపప్పు ఒలిచే చేతుల్ని చూసినవాళ్లకు, పప్పు విరిగితే విలువ పడిపోతుందన్న ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. షెడ్డు నిండా గోధుమరంగు దుమ్ము, ఆ వాడల నిండా క్షయ. వారమంతా ఒలిస్తే చేతికొచ్చేది 2, 3 డాలర్లు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాయ కొట్టే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. వాటికంటే మనిషి చవగ్గా దొరుకుతోందని పెద్ద కంపెనీ వాటిని పక్కన పెట్టేసింది.

1938 జనవరి ఆఖరులో ఆ కూలిలోనే పౌనుకు ఒక సెంటు కోశారు. జనవరి 31న షెడ్లు ఖాళీ అయ్యాయి. దాదాపు 12,000 మంది రోడ్డెక్కారు. వాళ్లు తమ నాయకురాలిగా ఎంచుకున్న ఎమ్మాకు అప్పటికి 21 ఏళ్లు. పోలీసులు బాష్పవాయువు వదిలారు, వందల మందిని జైళ్లలో కుక్కారు. ఎమ్మా కమ్యూనిస్టు అని, యూనియన్ పెద్దలే ఆమెను ముందు వరసలోంచి తప్పించారు. అయినా ఆమె వెనక ఉండి పని చేస్తూనే వచ్చారు. మార్చికల్లా యజమానులు మధ్యవర్తిత్వానికి దిగొచ్చారు. బల్లల దగ్గర తలెత్తని ఆడవాళ్లు ఐదారు వారాల్లో ఊరంతటికీ తమ మాట వినిపించారు. అంత వేగం, అంత ధైర్యం బాయ్‌కాట్‌లో దొరకవు.

అదే ఏడాది అక్టోబరులో గంటకు 25 సెంట్ల కనీస వేతనం చట్టం అమల్లోకి వచ్చింది. కంపెనీలు మళ్లీ యంత్రాలు బిగించాయి. మూడేళ్లలో 10,000 మందికి పైగా ఒలుపుకూలీల పని పోయింది. ఈ తప్పు సమ్మె మీద గానీ చట్టం మీద గానీ వేయను. కాకపోతే సమ్మె బలమంతా ఒక్కదానిలోనే ఉంది: వాళ్ల చేతులు లేకపోతే పని నడవదు. నడిచే మార్గం యజమాని దగ్గర ఉన్నప్పుడు ఆ బలం ఎంతకాలం నిలుస్తుంది?

కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లోనూ ఇదే చిక్కు వచ్చింది. 1965 సెప్టెంబరు 8న సమ్మె మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ కూలీలు. ఈ మాట చాలామంది మర్చిపోతారు. వారం తర్వాత డొలోరెస్ వాళ్ల సంఘం చేయి కలిపింది. ద్రాక్ష నిలవుండే సరుకు కాదు, కోత ఆగితే కుళ్లిపోతుంది. ఆ లెక్కన సమ్మె గట్టిగా తగలాలి. కానీ తోటలు మైళ్ల కొద్దీ ఉంటాయి. సమ్మెదారులు రోడ్డు పక్కన జెండాలు పట్టుకుని నిలబడితే, బయటి కూలీలు లోపల గుత్తులు కోస్తూనే ఉన్నారు.

అందుకని వీళ్లు ద్రాక్ష వెంట పడ్డారు. తోటలో ఆపలేనిదాన్ని దుకాణం గుమ్మం దగ్గర ఆపాలనుకున్నారు. 1967లో ఒక పెద్ద యజమాని పళ్లను మాత్రమే వద్దన్నారు. ఆయన తన పళ్లను వేరేవాళ్ల లేబుళ్ల కింద అమ్మసాగాడు. దాంతో 1968లో కాలిఫోర్నియా నుంచి వచ్చే తినే ద్రాక్ష ఏదైనా సరే కొనొద్దన్నారు. డొలోరెస్ న్యూయార్క్ వెళ్లి అక్కడ బాయ్‌కాట్ నడిపారు. సంచి పట్టుకుని సరుకులకు వచ్చిన ఇల్లాలిని అడిగేది చాలా చిన్న సాయం. ఉద్యోగం వదలక్కర్లేదు, లాఠీ దెబ్బ తినక్కర్లేదు, ద్రాక్ష ఒక్కటి ఆ సంచిలో వేసుకోకుండా ఉంటే చాలు. లక్షల ఇళ్లలో ఆ పని జరిగింది. సైన్యం వియత్నాంలోని సైనికుల కోసమంటూ ద్రాక్ష కొనుగోళ్లు పెంచినా యజమానులు గట్టెక్కలేదు. 1970 జులై 29న డెలానోలో ఒప్పందాలపై సంతకాలు పడ్డాయి. తోటలో తాగునీళ్లు, మరుగుదొడ్లు, పురుగుమందుల నుంచి రక్షణ కాగితం మీదికి ఎక్కాయి. యజమానులతో బేరమాడింది ఒకప్పటి బడిపంతులమ్మ డొలోరెస్.

దీని వెనక చట్టం మెలిక ఒకటుంది. 1935 నాటి కార్మిక చట్టం పొలం కూలీలను బయట పెట్టేసింది. సరుకు అమ్మే దుకాణం మీద ఒత్తిడి తేవడాన్ని 1947లో మిగతా యూనియన్లకు నిషేధించినప్పుడు, ఆ నిషేధం వీళ్లకు వర్తించలేదు. వెలివేసిన చట్టమే వాళ్ల చేతికి ఆయుధమిచ్చింది.

బాయ్‌కాట్‌లోనూ లోట్లున్నాయి. సమ్మె మొదలైన నాటి నుంచి ఒప్పందం దాకా దాదాపు ఐదేళ్లు పట్టింది. అన్నేళ్లు ఎవరింట్లో పొయ్యి ఎలా వెలగాలి? పైగా అన్ని సరుకులకూ ఇది పనికిరాదు. ద్రాక్ష గుత్తి కళ్లకు కనిపిస్తుంది, పేరు పెట్టి వద్దనొచ్చు. మిఠాయిలో కలిసిపోయిన పెకాన్ ముక్క ఏ షెడ్డులో ఒలిచిందో కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఎమ్మా ఈ దారి పట్టకపోవడం తప్పని అందుకే అనలేను. అసలు డెలానోలో ముందు సమ్మె లేకపోతే న్యూయార్క్ గుమ్మం ముందు చెప్పడానికి కథే లేదు. అయినా, మీ చోట నిమిషంలో ఇంకొకరిని పెట్టుకోగలిగే పనిలో ఉంటే, సరుకు గుర్తుపట్టేలా ఉంటే, నేను బాయ్‌కాట్ వైపే చెబుతాను.

ఆ గెలుపూ ఊరికే నిలవలేదు. 1973లో ఒప్పందాల గడువు తీరగానే చాలామంది యజమానులు కూలీలను అడగకుండానే వేరే యూనియన్‌తో సంతకాలు చేసుకున్నారు. మళ్లీ సమ్మె, మళ్లీ బాయ్‌కాట్. 1975లో కాలిఫోర్నియా చట్టం వచ్చాకే, తమ యూనియన్ ఏదో రహస్య బ్యాలెట్‌తో తేల్చుకునే హక్కు పొలం కూలీలకు దక్కింది. ఒకప్పుడు బెదిరింపులకు ఊరు వదలాల్సి వచ్చిన ఎమ్మా, అప్పటికి శాన్ ఆంటోనియో తిరిగొచ్చి బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నారు.