మనవడి కన్ను చూపించాం: బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి

మా మనవడికి మూడో నెలలో ఎడమ కన్ను కాస్త ముందుకు పొడుచుకొచ్చినట్టు మా కోడలు గమనించింది. ఏడిస్తే ఇంకా ఉబ్బేది. ఖమ్మంలో ఒక డాక్టరు ఇన్‌ఫెక్షన్ అని చుక్కలు రాశారు. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. ఎంతకీ తగ్గకపోయేసరికి టెన్షన్ పట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్లాం.

అక్కడ పరీక్ష చేసిన తీరుకే నేను దండం పెడతాను. డాక్టరమ్మ ముందు మెషిన్ దగ్గరికి పోలేదు. వాణ్ణి కోడలి ఒళ్లో కూర్చోబెట్టించి, తను వెనక నిలబడి, నుదుటి మీదుగా కిందికి చూస్తూ రెండు కళ్లూ పోల్చుకున్నారు. "పుట్టినప్పటి ఫొటోలు ఫోన్లో ఉన్నాయా అమ్మా?" అని అడిగి, ఒక్కోటీ పెద్దది చేసి చూశారు. చొక్కా విప్పించి ఒంటి మీద మచ్చలు వెతికారు, పొట్ట తడిమారు.

కంటికి వస్తే పొట్ట ఎందుకమ్మా అన్నాను. విసుక్కోకుండా చెప్పారు. పసిపిల్లల్లో కన్ను ఇలా రావడానికి ఎక్కువగా కంటి చుట్టూ ఇన్‌ఫెక్షనే కారణమట. అరుదుగా, కిడ్నీ పైనున్న గ్రంథిలో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కంటి వెనక్కి పాకుతుందట. ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ కూడా అలాగే కంటి వెనక్కి చేరవచ్చట. కాఫీ రంగు మచ్చలుంటే కంటి నరంలో గడ్డ ఉందేమో చూడాలి. కొద్ది రోజుల్లోనే కన్ను బాగా ముందుకొస్తే రాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సర్ ఉందేమోనని వెంటనే స్కానింగ్ చేయించాలి.

మావాడికి ఎమ్మారైలో తేలింది హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ. క్యాన్సర్ కాదు. మొదటి ఏడాది పెరిగి, తర్వాత మెల్లగా దానంతటదే కుంచించుకుపోతుంది. అయితే ఈలోపు కంటిని నొక్కితే చూపు మందగిస్తుంది కాబట్టి మందు వేయాలన్నారు. ప్రొప్రనొలాల్, పెద్దవాళ్లకు బీపీకి ఇచ్చేదే! పసిపిల్లల్లో ఈ గడ్డకు అది పనిచేస్తుందని ఫ్రాన్స్ డాక్టర్లు 2008లో ప్రకటించారట. పిల్లల డాక్టరు గుండె పరీక్ష చేశాకే మొదలుపెట్టారు. పాలు తాగాకే వేయాలి, తాగకపోతే ఆ డోసు మానేయాలి, లేకపోతే షుగర్ పడిపోతుందని కోడలికి తెలుగులో రాసిచ్చారు. ఇప్పుడు రెండు కళ్లూ దాదాపు సమానంగా ఉన్నాయి.

డబ్బు కట్టలేనివాళ్లకు ఇక్కడ ఉచితంగా చూస్తారు, వెనకాడకండి. కంట్లో చుక్కలు వేశాక చాలాసేపు ఆగాలి కాబట్టి రోజంతా కేటాయించుకుని, బిడ్డకు పాలూ మార్చే బట్టలూ పెట్టుకుని వెళ్లండి. పాత ఫొటోలు మాత్రం ఫోన్లో తప్పకుండా ఉంచుకోండి.