ఒత్తు పోయిన సమాధి రాయి, నాలుగు స్టార్లు

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కూడా చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

మా ఆయన కాజీపేటలో లోకో పైలట్. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ప్రభువునందు నిద్రించారు. నలభై రోజుల ప్రార్థన కూడిక అయిన వారానికే నేనూ మా చిన్నోడూ కరీంనగర్ రోడ్డులో సమాధి రాళ్లు చెక్కే ఈ షాపుకు వెళ్లాం, అడ్వాన్సు డబ్బు కూడా సంచిలో పెట్టుకునే వెళ్లాను. ఓనర్ ఆర్డరే తీసుకోలేదు. "ఇప్పుడే వద్దమ్మా, మట్టి ఇంకా దిగుతది, ఒక్క వానకాలం పోనీయి" అన్నాడు. రేగడి నేల కదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది, తొందరపడి రాయి వేస్తే ఒక పక్కకు ఒరుగుతుందట. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది, ఆయనకు ఒక రాయి కూడా వేయించలేకపోయానే అని ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత సమాధుల తోటకు (మా పక్కింటివాళ్లు బొందలగడ్డ అంటారు) వెళ్లినప్పుడు చూస్తే, మా వెనక వరుసలో కొత్తగా వేసిన రాళ్లు రెండు నడిమికి పగిలి ఉన్నాయి. చేతికొచ్చిన డబ్బు వద్దనే వ్యాపారి ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి.

దసరా తర్వాత మళ్లీ వెళ్లాం. నాకు టాన్ బ్రౌన్ అనే మచ్చల గ్రానైటు కావాలని ఉండె. మన కరీంనగర్ రాయే అది, ఆ బండలు గూడ్సులో కాకినాడ రేవుకు పోతాయి, ఆ గూడ్సు బండ్లు ఆయన ఎన్నోసార్లు నడిపారు. ఓనర్ ఒక చెంబు నీళ్లు తెచ్చి ఆ రాయి మీదా, పక్కనున్న నల్ల రాయి మీదా పోసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చదవమన్నాడు. బ్రౌన్ మీద మచ్చల్లో అక్షరాలు కలిసిపోయాయి, నల్లదాని మీద తెల్లగా కనిపించాయి. చివరికి చుట్టూ కట్టకు బ్రౌన్, పేరు పలకకు నలుపు అనుకున్నాం. బంగారు రంగు కూడా వద్దన్నాడు, రెండేళ్లకే వెలిసిపోతుందట. మొత్తం 34 వేలు, కూలీ, ట్రాలీ ఆటో అన్నీ కలిపే.

చెక్కడానికి మాత్రం అక్షరానికి ఇంత అని లెక్క. ఒత్తులకు కూడా డబ్బులు వేస్తారా అని మా చిన్నోడు అడిగాడు. వేయరు. ఒత్తులు, గుణింతాలు ఫ్రీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కంప్యూటర్ దగ్గర పిల్లగాడు 'మరణించిన తేదీ' అని కొడుతుంటే 'నిద్రించిన తేదీ' అని మార్చమన్నాను. అక్కడే ఉలి నూరుకుంటున్న పెద్దాయన, తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు, "మీ కిరస్తానపోళ్లందరు నిద్రనే రాయిస్తరు, ఎందుకమ్మా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగా తెలియకే అడిగాడు. పాస్టర్ గారైతే, చనిపోయిన లాజరును నిద్రపోయాడని చెప్పి యేసు లేపిన సంగతి చెప్పేవారు, సమాధుల తోటను ఇంగ్లీషులో పిలిచే సెమెటరీ అనే మాటకు గ్రీకులో నిద్రపోయే చోటు అనే అర్థమని చెప్పేవారు. నాకు నోట్లోకి వచ్చింది కాల్ బాయ్. ఇప్పుడంటే ఫోన్లు గానీ, అప్పట్లో డ్యూటీ పడితే కాల్ బాయ్ ఇంటికొచ్చి తలుపు కొట్టేవాడు, ఈయన కళ్లు నలుముకుంటూ లేచి కాల్ బుక్కులో సంతకం పెట్టేవారు. నైట్ డ్యూటీ దిగి పగలు పడుకుంటే నేను కుక్కర్ కూడా పెట్టేదాన్ని కాదు, విజిల్‌కు లేస్తారని. పిల్లల్ని బయటికి తోలేసి, కిటికీకి దుప్పటి కట్టేదాన్ని. ఆయన నిద్రపోతున్నారంటే లేచే టైము ఒకటి ఉందనే కదా, మాకు ఆ మాట అట్లా అలవాటు అని చెప్పాను. పెద్దాయన "లేపెటోడు ఉన్నడంటరు మీరు" అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

ఇది షాపు సంగతి కాకపోయినా చెబుతాను. ఆదరణ కూడికలో అందరూ నన్ను ఏడవొద్దన్నారు. ఏడిస్తే విశ్వాసం లేనట్టట. థెస్సలొనీకయుల మొదటి పత్రిక 4:13 చదివి మరీ చెప్పారు. ఆ వాక్యంలో నిరీక్షణ, అంటే ఆశ, లేని ఇతరులవలె దుఃఖపడొద్దని ఉంది, అసలు దుఃఖపడొద్దని ఎక్కడుంది? ఇంకాసేపట్లో లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. నన్ను ఏడవనిచ్చింది పాస్టరమ్మగారు ఒక్కరే. పునరుత్థానంలో, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేచినప్పుడు, పెళ్లిళ్లు ఉండవని మత్తయి 22లో ఉంది కదా, మరి అక్కడ ఆయన నాకు ఏమవుతారమ్మా అని అడిగితే, "పెళ్లి ఉండదని ఉంది గానీ, గుర్తుపట్టరని లేదు కదమ్మా" అన్నారు. నెలల తరబడి దాన్నే పట్టుకుని ఉన్నాను.

ఇక ఐదో స్టార్. యోహాను 11:25 రాయించాం, "పునరుత్థానమును జీవమును నేనే" అని. సమాధుల పండుగకు, అంటే నవంబరు 2కు ఇస్తామన్నారు. అక్టోబరు 30న వెళ్లి చూస్తే రాయి మీద 'పునరుతానము' అని ఉంది. మావాడు వాట్సాప్‌లో పంపిన వాక్యాన్ని 'అను' అనే తెలుగు ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తు ఎగిరిపోయింది, ఎవరూ చూసుకోలేదు, అక్షరాల స్టిక్కర్ కోసి రాయికి అంటించి ఇసుక చిమ్మే మిషన్‌తో చెక్కేశారు. ఆ కింద చిన్నగా ఒత్తు చెక్కుతామన్నారు. చెక్కితే చొక్కాకు అతుకు వేసినట్టే ఉంటుంది. వద్దన్నాను, అరిచాను కూడా. ఓనర్ ఎదురు మాట్లాడలేదు, పైసా అడగకుండా కొత్త పలక కోయించాడు, పాతదాన్ని తిరగేసి ఎవరి గడపకో వాడుకుంటాడట. కానీ అది వచ్చేసరికి నవంబరు ఆఖరు. పండుగనాడు అందరూ సున్నం వేసి పూలు పరిచిన సమాధుల మధ్య నేను ఒట్టి మట్టి మీద క్యాండిళ్లు వెలిగించాను, గాలికి నిలవలేదు. దానికే ఆ స్టార్.

రెండోసారి పెద్దాయనే ఆ ఒత్తు అంచులు ఉలితో సరిచేశాడు, వేలు పెడితే లోతు తెలుస్తుంది. ఈ ఈస్టర్ తెల్లవారుజామున చీకట్లో మా ఆడబిడ్డ ఫోన్ లైటు వేసి వాక్యం మొత్తం చదివింది, ఎక్కడా తడుముకోలేదు.

పలకలో సగం ఖాళీ. పక్కన జాగా ఉంచాలా అని అడగడానికి ఓనర్ ఇబ్బందిపడుతుంటే నేనే ఉంచమన్నాను. నాకే.

మీరు వెళ్తే చెక్కకముందే ప్రూఫ్ కాగితం అడగండి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి, ముఖ్యంగా ఒత్తులు. పండుగకు కావాలంటే సెప్టెంబరులోనే ఆర్డర్ ఇవ్వండి. శుక్రవారం షాపు ఉండదు.