నెల్లూరు ఆటోనగర్‌లో మాగ్నెట్లు ఊడిన మోటారు బాగు చేయించినా: 5కి 4 స్టార్లు

కొంచెం పెద్ద రివ్యూ ఇది, రొయ్యల గుంటలు ఉన్నోళ్ళు, ఈ కొత్త మాగ్నెట్ మోటార్లు పెట్టుకున్నోళ్ళు మాత్రం ఓపిగ్గా చదవండి, పనికొస్తది.

మాకు మైపాడు వైపు, సముద్రం దగ్గర, నాలుగు గుంటలు ఉండాయి, వనామీ రొయ్య వేస్తాం. కరెంటు బిల్లు చూసి తట్టుకోలేక రెండు గుంటల్లో ఏరియేటర్లకి (నీళ్ళని చిలికి గాలి కలిపే మిషన్లు) పాత ఇండక్షన్ మోటార్లు తీసేసి పీఎంఎస్ఎం మోటార్లు పెట్టించినా, అంటే రోటర్ (లోపల తిరిగే భాగం) మీద పర్మనెంట్ మాగ్నెట్లు అంటించి ఉంటాయే, డ్రైవ్ బాక్సుతో నడిచేవి, అవి. బిల్లు తగ్గింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఏడాదిన్నర కాకముందే ఒక రోజు రాత్రి రెండున్నరకి కాపలా పిల్లోడు ఫోన్ చేసి అన్నా మూడో గుంటలో మోటారు గరగరమంటా ఉంది అన్నాడు, నేను బండేసుకుని పొయ్యేలోపల గరగర కూడా ఆగిపోయి డ్రైవ్ బాక్సు ఎర్రలైటు వేసుకుని కూర్చోనుంది. డెబ్బై రోజుల పంట, తెల్లవారుజామున అసలే ఆక్సిజన్ తగ్గే టైము, మీటర్ పెడితే డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, 3 దగ్గరికి పడిపోయి ఉంది. పక్క గుంట నుంచి ఒక ఏరియేటర్ లాక్కొచ్చి దించి తెల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నాం.

కంపెనీ సర్వీసుకి ఫోన్ చేస్తే (పేరు వద్దులే) ఫోటో కూడా అడగలా, మాగ్నెట్ ఊడింది సార్, ఇంక రిపేర్ ఉండదు, మోటారు మార్చుకోవాల్సిందే, 14 వేలు అన్నాడు. వారంటీ ఏమో అయిపోయింది. సరే అని దగ్గర్లో పంపుసెట్లు చేసే ఒకాయన దగ్గరికి తీసకపోతే అరగంటలో అంటించి ఇచ్చినాడు, 600 తీసుకున్నాడు, నేనూ సంబరపడినా. సరిగ్గా పదకొండు రోజులు. తరవాత తెలిసింది ఏందంటే క్విక్ జిగురు వేసినాడంట, ఆ చెప్పులకి పూస్తామే అది.

అప్పుడు ఒక చేపల చెరువాయన చెప్తే ఈ ఆటోనగర్ షాపుకి పోయినా. షాపు అంటే ఏం ఊహించుకోవాకండి, ముందు రేకులు, లోపల రెండు బల్లలు, రాగి తీగ కండెలు, బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయి ఉండాయి. పెద్దాయన ఒకడు, ఇద్దరు కుర్రోళ్ళు. మోటారు దించంగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరైనా చెయ్యి పెట్టినారా అబ్బయ్యా దీంట్లో?" చెప్పినా. నవ్వలేదు, తిట్టలేదు, గమ్మున విప్పడం మొదలుపెట్టినాడు. నా ముందే విప్పినాడు, అది నాకు బాగా నచ్చిన పాయింటు.

మామూలు మోటారు రోటర్ లాగితే వచ్చేస్తది. ఇది రాదు, మాగ్నెట్ కదా, సగం బయటికొచ్చి మళ్ళీ టక్కున లోపలికి లాగేసుకుంటది, వేలు మధ్యలో ఉంటే అంతే సంగతులు. ఆయన ఏం చేసినాడంటే పాత ఎక్స్‌రే ఫిల్ము పట్టీలుగా కోసి స్టేటర్‌కీ (చుట్టూ కదలకుండా ఉండే వైండింగ్ భాగం) రోటర్‌కీ మధ్య చుట్టూ దోపినాడు, తరవాత స్క్రూ పుల్లర్ పెట్టి మెల్లగా తిప్పుకుంటా నేరుగా బయటికి తీసినాడు. బయటికి రాంగానే ప్లాస్టిక్ కవర్‌లో చుట్టేసినాడు, ఎందుకంటే పక్కన లేతు మిషను ఉంది, ఇనప రజను అంతా ఎగిరొచ్చి పట్టేసుకుంటదంట. నేను వంగి చూస్తా ఉంటే జేబులో కార్డులు ఉంటే దూరంగా నిలబడు అన్నాడు.

చూస్తే ఎనిమిది పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), పోల్‌కి రెండు ముక్కలు, మొత్తం 16 మాగ్నెట్లు. ఒకటి జరిగి స్టేటర్‌కి రాసుకుని మూల పగిలింది, ఇంకో మూడు గోరుతో నెడితే కదులుతా ఉండాయి. ఊడిన దాని కింద చూపించినాడు, పైన వెండి రంగు నికెల్ పొర ఉబ్బి పొట్టు మాదిరి లేస్తా ఉంది, దాని కింద నల్లటి పొడి. నియోడిమియం మాగ్నెట్‌లో ఎక్కువ భాగం ఇనుమే కాబట్టి పొర ఎక్కడన్నా చిట్లితే మా ఉప్పు గాలికి తుప్పు పట్టేస్తది, పట్టి ఉబ్బి పొరని పైకి లేపేస్తది. అంటే జిగురు ఊడలేదు సామీ, జిగురు పొరకి గట్టిగానే పట్టుకోనుంది, పొరే మాగ్నెట్ నుంచి ఊడొచ్చింది! ఆ మొదటాయన దాని మీదే మళ్ళీ జిగురు వేసినాడు, ఇంక యాడ నిలుస్తది.

క్విక్ జిగురు గురించి కూడా ఆయన చెప్పిన లెక్క నాకు బాగా ఎక్కింది. మోటారు వేడెక్కితే మాగ్నెట్ల కింద ఉండే ఇనప కోర్ వ్యాకోచిస్తది, మాగ్నెట్ మాత్రం అడ్డంగా అస్సలు పెరగదు, కొంచెం తగ్గుతది కూడా. రోజుకి నాలుగుసార్లు ఆన్, నాలుగుసార్లు ఆఫ్, ప్రతిసారీ మధ్యలో ఉన్న జిగురుని ఇద్దరూ చెరో వైపు లాగతా ఉంటారు. గాజు మాదిరి గట్టిపడే జిగురైతే పటుక్కున చిట్లుతది, కొంచెం సాగే గుణం ఉండాల. ఇంటికొచ్చి నేను కూడా కాగితం మీద లెక్క వేసినా, 1500 ఆర్పీఎం మీద 50 గ్రాముల ముక్కని బయటికి ఈడ్చే బలం ఐదు కిలోల పైచిలుకు వచ్చింది. ఐదు కిలోలేగా అనుకుంటాం, ఒక బిందెడు నీళ్ళ బరువు కూడా లేదు, కానీ స్పీడు రెండింతలైతే అది నాలుగింతలవుతది, కరెంటు కార్లలో మోటార్లు పది వేల ఆర్పీఎం దాటి తిరుగుతాయి, అందుకే వాళ్ళు జిగురు ఒక్కదాన్నే నమ్ముకోరు, ఎక్కువ కార్లలో మాగ్నెట్లని రోటర్ ఇనుము లోపల గాళ్ళు కోసి దాంట్లో దోపుతారు. టెస్లా వాళ్ళు 2021లో వదిలిన ప్లెయిడ్ కారుకైతే రోటర్ చుట్టూ కార్బన్ ఫైబర్ తొడుగు. మన గుంటలకి అంత అక్కర్లేదనుకోండి.

పని విషయానికొస్తే సగం టైము కడగడానికే పోయింది. కదిలే నాలుగూ తీసి ప్రతి దాని మీదా మార్కర్‌తో నంబరు, ఏ ముఖం బయటికి ఉండాలో గుర్తు వేసినాడు, ఒక్కటి తిరగబడి అంటించినా మోటారు వణుకుడే. పాత జిగురు గీకి, కోర్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది, అసిటోన్ గుడ్డతో తుడిచి, గుడ్డ నల్లగా రాకుండా అయ్యేదాకా మళ్ళీ తుడిచి, ఆ తరవాత వేలు తగలనియ్యలా. కుర్రోడు మరిచిపోయి వేలు పెడితే ఆ ముక్కని మళ్ళీ మొదటి నుంచి తుడిపించినాడు. పగిలిన దానికి బదులు అదే సైజుది పాత రోటర్‌ది దొరికింది, మిగతావాట్లో పొర ఉబ్బిన దానికి పొట్టంతా తీసేసి ఎపాక్సీ పూత పూసినాడు.

జిగురు రెండు డబ్బాల ఎపాక్సీ, బంగారం తూచే చిన్న త్రాసు మీద తూకం వేసి కలిపినాడు, కళ్ళతో అంచనా కాదు. ఒకే పోల్ రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, జిగురు పచ్చిగా ఉన్నప్పుడు జారిపోతా ఉంటాయి. మధ్యలో ఇత్తడి రేకు ముక్కలు దోపి, పైన పాత సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీ బిర్రుగా చుట్టినాడు. వైండింగ్ వార్నిష్ ఆరబెట్టే ఓవెన్‌లోనే పెట్టినాడు గానీ వేడి 70 దగ్గర ఆపి రాత్రంతా ఉంచినాడు. ఎందుకన్నా అంత తక్కువ అంటే, ఈ మాగ్నెట్ ఏ గ్రేడో దీని మీద రాసి లేదు, మామూలు గ్రేడు 80 దాటితే పవర్ పోగొట్టుకుంటది, జిగురు గట్టిపడి మాగ్నెట్ చచ్చిపోతే ఏం లాభం అన్నాడు.

ఆ తరవాత దాని మీద రెసిన్ పట్టించిన గ్లాస్ టేపు ఒక చుట్టు. ఇది చుట్టేముందు వెర్నియర్ పెట్టి కొలిచినాడు, స్టేటర్ లోపల 92 మిల్లీమీటర్లు, రోటర్ 90, అంటే చుట్టూ ఒక మిల్లీమీటరు సందు, టేపు దాంట్లో మూడో వంతు తింటది, ఇంకో చుట్టు వేస్తే రాసుకుంటది. స్టీలు రేకు చుట్టొచ్చుగా అని నేను తెలివిగా అడిగినా, స్టీలైతే దాంట్లో కరెంటు పుట్టి వేడెక్కుతది, గాజుకైతే ఆ గోల లేదు అన్నాడు. మళ్ళీ నోరెత్తలా నేను.

ఇంక స్టారు ఎందుకు కోసినానంటే, రెండు రోజులు అన్నాడు, ఐదు రోజులు పట్టింది. ఫోన్ ఎత్తడు, ఎత్తినా రేపు రా అబ్బయ్యా అంటాడు, పంట మీద ఉన్నోడికి రేపు అంటే ఏందో ఆయనకి తెలీదా. బ్యాలెన్సింగ్ మిషను లేదు, రెండు కత్తి అంచుల పట్టీల మీద దొర్లించి బరువు ఎటు వాలతా ఉందో చూస్తాడు, మన 1500 స్పీడుకి సరిపోతది గానీ కరెంటు స్కూటరు మోటార్లకి ఎట్టా ఉంటదో నేను చెప్పలేను. బిల్లు అడిగితేనే ఇస్తాడు. గ్యారంటీ మూడు నెలలు, అదీ నోటి మాట.

మొత్తం 3,800 అయ్యింది, బేరింగులు, ఆయిల్ సీల్ కలిపి. బేరం ఆడినా, 200 తగ్గించినాడు, టీ కూడా తాగించినాడు. పాత సీలు చేతిలో పెట్టి చూపించినాడు, అంచు గట్టిపడి చీలి ఉంది, ఉప్పు తేమ లోపలికి దారి అదే. కంపెనీ వాళ్ళు పెట్టేటప్పుడు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు నాకు. సీలు ఏడాదికొకసారి మార్చుకోండి, అది వందల్లో పోయే ఖర్చు.

మోటారు బిగించి ఇవాల్టికి రెండు నెలల పది రోజులు, సౌండు లేదు, ఆంప్స్ (లాగే కరెంటు) కూడా పక్క గుంటలో దాంతో సమానంగానే చూపిస్తా ఉంది. ఆ పంట 50 కౌంటు (కిలోకి 50 రొయ్యలు) మీద పట్టేసినాం. పక్క గుంటలో మోటారుకి కూడా సీలు దగ్గర తెల్లగా ఉప్పు పేరుకోనుంది, గరగర రాకముందే దాన్ని తీసకపోదామని పొద్దున్నుంచి ఆయనకి ఫోన్ చేస్తా ఉండా, ఎత్తట్లేదు.