ఆటోనగర్ రేడియేటర్ షెడ్డు: పనికి వంక లేదు, చెప్పిన వేళకు మాత్రం ఇవ్వరు

పోయిన నెల మా పన్నెండేళ్ల డీజిల్ కారును విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ పనులు చేసే ఒక చిన్న షెడ్డుకు తీసుకువెళ్లాను. అప్పటికి కారుకు పైకి కనిపించే జబ్బేమీ లేదు. అంతకు ముందు వారం శ్రీశైలం వెళ్తుండగా, దోర్నాల దాటాక ఘాట్‌రోడ్డులో మా ముందున్న కారు ఎత్తు మలుపులో ఉన్నట్టుండి ఆగిపోయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్మింది. మేము దిగి దాని చక్రాల వెనక రాళ్లు పెట్టాము. కారాయన తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పబోతుంటే మా బావగారు చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఆయన ముఖం కాలిపోయేదే. ఫోన్లకు సిగ్నల్ లేదు, రాత్రయితే అడవి దారిలో చెక్‌పోస్టులు మూసేస్తారు. గంటకు పైగా చల్లారనిచ్చి, నీళ్లు పోసుకుని, ఆయన మెల్లగా వెనక్కి దోర్నాలకు దిగారు. ఆ దృశ్యం చూశాక మా కారు మీద నాకు నమ్మకం సడలింది.

మొదట వెళ్లిన చోట బానెట్ ఎత్తీ ఎత్తకుండానే రేడియేటర్ మార్చాలి, పదకొండు వేలవుతుందన్నారు. ఈ షెడ్డు మేస్త్రీ మాత్రం ఎత్తులో ఏసీ వేస్తారా, కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోస్తున్నారా అని ముందుగా అడిగారు. తరువాత రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి, ఒక బార్ వరకు ఒత్తిడి ఎక్కించి, ముల్లును నన్నే చూస్తూ ఉండమన్నారు. పది నిమిషాల్లో అది మూడు గీతలు దిగింది. ఆ ఒత్తిడి నిలిచినంతసేపు నీరు 120 డిగ్రీల దాకా మరగదనీ, పోతే 100కే మరుగుతుందనీ, కొండ ఎక్కేటప్పుడు ఇంజను మీద బరువు ఎక్కువ, తగిలే గాలి తక్కువ కనుక లోపం అక్కడే బయటపడుతుందనీ వివరించారు. టార్చి వేసి చూపిస్తే వాటర్ పంపు అడుగున కారిన కూలెంట్ గులాబీ రంగు చారగా ఎండి పొక్కు కట్టి ఉంది. థర్మోస్టాట్‌ను (ఇంజను వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే కవాటం) వేడినీళ్ల గిన్నెలో వేసి, దాని మీద అచ్చు వేసిన 82 డిగ్రీల దగ్గరే తెరుచుకోవడం చూసి, దాన్ని మార్చనక్కర్లేదన్నారు. అమ్ముకునే అవకాశాన్ని ఇలా వదులుకునే మేస్త్రీలు అరుదు.

వాటర్ పంపు, మూత, కూలెంట్, కూలీ కలిపి 5,200 రూపాయలయింది. ఇక నా ఫిర్యాదు: సాయంత్రానికి ఇస్తామన్న కారును మూడో రోజు మధ్యాహ్నం ఇచ్చారు, ఫోన్ చేసిన ప్రతిసారీ “ఇంకో గంట సార్” అన్నారు. బిల్లు కూడా అడిగి రాయించుకోవలసి వచ్చింది, అదీ చిత్తు కాగితం మీద. కూర్చోవడానికి ఒక బల్ల అయినా లేదు. అయితే విప్పిన పాత పంపును అడగకుండానే సంచిలో వేసి ఇచ్చారు. వెళ్లదలచినవారు ఉదయం తొమ్మిదిలోపే వెళ్లండి, ఆ తరువాత లారీ రేడియేటర్లు వరుసకడతాయి.