మా పాప ఫాస్ట్‌పిచ్ బ్యాట్: 29 ఇంచులు, డ్రాప్ 11
మా పాపకి పదేళ్లు, ఫాస్ట్‌పిచ్ (బాల్ వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) ఆడుతుంది. ఎలాగూ ఎదుగుతుంది కదా అని మొదట 31 ఇంచుల బ్యాట్ కొన్నాం, అదే పెద్ద తప్పు, బాల్ దాటిపోయాక గానీ బ్యాట్ తిరిగేది కాదు, పాపం ఔటైన ప్రతిసారీ నా వైపు చూసేది. ఇప్పుడు 29 ఇంచుల కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి వాటితో చేసిన) బ్యాట్ తీసుకున్నాం, డ్రాప్ మైనస్ 11, అంటే ఇంచుల్లో పొడవు లోంచి ఔన్సుల్లో బరువు తీసేస్తే వచ్చేది, సో ఇది 18 ఔన్సులే. తేడా వెంటనే తెలిసింది, స్వింగ్ టైమ్‌కి వస్తోంది, చేతులకి జలదరింపు కూడా తగ్గింది.

కొనేముందు ఒక్క చేత్తో బ్యాట్‌ని పక్కకి చాచి అరనిమిషం పట్టుకోమనండి, చెయ్యి వణికి కిందకి దిగిపోతే అది బరువెక్కువే, ఎంత నచ్చినా వద్దు.

కాంపోజిట్ కాబట్టి మొదట్లో బ్యాట్‌ని చేతిలో కొంచెం కొంచెం తిప్పుతూ వందకి పైగా షాట్లు కొట్టించాం, అప్పుడే బ్యారెల్ (బాల్ తగిలే లావు భాగం) ఓపెన్ అయింది, అంటే బాల్ బాగా ఎగరడం మొదలైంది. బాగా చలిలో మాత్రం వాడకండి, పగులుతుంది. గ్రిప్ ఒక్కటే నచ్చలేదు, చెమటకి జారుతోంది, మార్చేశాం. మీ లీగ్ ఒప్పుకునే స్టాంప్ బ్యాట్ మీద ఉందో లేదో తప్పకుండా చూడండి.