రూపాయి వడ్డీ అని చెప్పి రెండు రూపాయలు కట్టించుకుంటున్నారు, రాయగడ వైపు కొనేవారు జాగ్రత్త

ఈ మధ్యాహ్నం మేం స్కూటరు కొన్న షోరూం నుంచి తిరిగి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. కోపం చల్లారక ముందే రాస్తున్నాను, ఎందుకంటే చైత్ర పండుగల ఆఫర్లంటూ అదే దుకాణం ముందు వాయిదాల అప్పులిచ్చే అదే బల్ల మళ్ళీ వేశారు. దాని వెనక కూర్చున్నది కూడా అదే మనిషి. పేరు రాయను, ఇక్కడ స్కూటరు కొన్నవారికి నేను చెప్పేది ఎవరి గురించో తెలుస్తుంది.

గత దసరాకు నా భార్య కోసం స్కూటరు తీసుకున్నాం. చిట్టీ డబ్బు 30,000 చేతిలో ఉండగా మిగిలిన 60,000 రూపాయలకు ఫైనాన్స్ పెట్టించాం. కిస్తీ నెలకు 3,100 చొప్పున ఇరవై నాలుగు నెలలు. "నూటికి రూపాయి వడ్డీ మాత్రమేనన్నా, మనం మనం తెలుగువాళ్ళం, మీకు ఎక్కువ చెప్తానా" అని ఆ మనిషి అన్నాడు. ఒడియా మాటల మధ్య తెలుగు వినబడగానే నా మనసు మెత్తబడింది. "అన్నీ కలిపి చివరికి ఎంతవుతుంది?" అని నా భార్య ఒక్క ప్రశ్న అడిగింది. చెప్పారు కదా, రూపాయి వడ్డీయే అని నేనే ఆమెను ఆపాను. ఆ తప్పు నాది, దాన్ని ఎవరి మీదా నెట్టను.

రూపాయి వడ్డీ అంటే మన ఇళ్ళలో అర్థం ఒకటే. నూరు రూపాయలకు నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. మధ్యలో అసలులో కొంత తిరిగి ఇస్తే ప్రామిసరీ నోటు వెనక చెల్లు వేస్తారు, ఆ రోజు నుంచి మిగిలిన అసలుకే వడ్డీ నడుస్తుంది. మా నాన్నగారు జీవితమంతా ఇచ్చిందీ తీసుకున్నదీ ఆ పద్ధతిలోనే. అదే మాట వాడి ఈ మనిషి చేసింది వేరు. 60,000కు ఏడాదికి 7,200 చొప్పున రెండేళ్ళకు 14,400 వడ్డీ ముందుగానే లెక్కగట్టి, అసలుతో కలిపి 74,400ని ఇరవై నాలుగు భాగాలు చేశాడు. దీన్ని ఫ్లాట్ రేటు అంటారని నాకు ఇవాళ తెలిసింది. ఈ పద్ధతిలో చివరి నెలలో నా దగ్గర మిగిలేది 2,500 రూపాయల అసలు, దానికీ 600 వడ్డీయే, అంటే నూటికి ఇరవై నాలుగు రూపాయల నెలవడ్డీ. నిజంగా మిగిలిన అసలు మీదే 12 శాతం వేసి ఉంటే కిస్తీ 2,824 రూపాయల దగ్గర ఉండేది, రెండేళ్ళ వడ్డీ 7,800 లోపే తేలేది.

ఇంతవరకైతే నా తెలివితక్కువకు నేనే ఏడ్చేవాణ్ణి. నన్ను దహిస్తున్నది ఇవాళ జరిగింది. ఆరు కిస్తీలు కట్టాను కాబట్టి, కొంత డబ్బు చేతికి రాగా అప్పు మొత్తం తీర్చేద్దామని ఇద్దరం వెళ్ళాం. వాళ్ళ లెక్క ప్రకారమే నెలకు 2,500 అసలు, 600 వడ్డీ కదా, ఆరు నెలలకు 15,000 పోను 45,000 ఉండాలి. అతను కంప్యూటరులో చూసి 47,300 పై చిలుకు కట్టాలన్నాడు. ఎలాగని అడిగితే కాగితం తీసి ఇచ్చాడు. అందులో మొదటి నెల వడ్డీయే 1,079 రూపాయలు. అంటే అమ్మిన రోజు 12 శాతమని చెప్పిన అప్పును, తీర్చే రోజు తగ్గే అసలు మీద 21.57 శాతంగా లెక్కవేశారు. రెండు లెక్కలకూ చివరికి వచ్చే మొత్తం ఒకటే అయినా, ముందుగా తీర్చాలనుకునేవాడికి మొదటి నెలల్లోనే వడ్డీ ఎక్కువగా కోసుకున్నట్టు బయటపడుతుంది. "నువ్వు రూపాయి వడ్డీ అన్నావు కదా" అంటే, నా భార్య ముందు, నలుగురు కొనుగోలుదారుల ముందు, "నూటికి రూపాయి అన్నాను, మిగిలిన నూటికి అన్నానా? శాతాల లెక్క రానివాళ్ళు సంతకం ఎందుకు పెట్టారు?" అని నవ్వాడు. దసరాకు అన్నా అని పిలిచిన నోరే అది. నా భార్య ఏమీ అనలేదు, నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఇంటికి వచ్చి కాగితాల కట్ట విప్పితే మరొకటి కనబడింది. ప్రాసెసింగ్ రుసుము రెండు శాతం, అంటే 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 216 కలిపి 1,416 ఆ రోజే నగదుగా కట్టించుకున్నారు. చేతికొచ్చిన అప్పులో ఆ మేరకు తగ్గినట్టే కాబట్టి, దాన్నీ కలిపితే నిజమైన వడ్డీ రేటు ఏడాదికి 24.09 శాతం. నూటికి నెలకు రెండు రూపాయలు. ఆ అంకె వాళ్ళ కాగితంలోనే వార్షిక శాతం రేటు పక్కన ఇంగ్లీషులో అచ్చయి ఉంది, కింద నా సంతకం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులకు ఈ ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలనీ, అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలనీ రిజర్వు బ్యాంకు నియమం. నోటితో అంత చక్కగా తెలుగు మాట్లాడినవాడు ఆ ఒక్క అంకెను తెలుగులో చెప్పలేదు.

ఎవరైనా ఈ పండక్కి బండో ఫ్రిజ్జో వాయిదాల మీద తీసుకుంటుంటే ఫ్లాట్ రేటు వినకండి, ఆ పత్రంలో ఏపీఆర్, అంటే వార్షిక శాతం రేటు అనే అంకె ఎంతో చూడండి. కిస్తీని నెలలతో హెచ్చవేసి అసలు తీసేస్తే వడ్డీ ఎంతో దుకాణంలోనే తేలుతుంది. ఫైనాన్స్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు రేపు ఇస్తున్నాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తాను, దాని వివరాలకు నంబరు 14448. ఆ బల్ల దగ్గరే కొన్నవారు ఇంకెవరైనా ఉంటే మీ కాగితంలో మొదటి నెల వడ్డీ ఎంత వేశారో కింద రాయండి, ఫిర్యాదుకు జతచేస్తాను.