ఖాళీ చేయబోయే ఇంటిని చూపించడం: తాళంచెవి ఇవ్వడమా, వేళ పెట్టడమా, కాదనడమా?

ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఓనరుకు చెప్పిన మర్నాడే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. ఆ సాయంత్రం నుంచే కాలింగ్ బెల్ మోగడం మొదలవుతుంది. హైదరాబాదులో అద్దెకున్నవారి ముందు అప్పుడు మూడు దారులుంటాయి: తాళంచెవి వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లడం, తాము ఇంట్లో ఉండే ఫలానా వేళకే రమ్మనడం, ఖాళీ చేసేదాకా ఎవరినీ రానివ్వబోమని చెప్పేయడం.

వీటిలో ఏది మేలో తేల్చే ముందు చట్టం ఎంతవరకు అండగా ఉందో చూడాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది కనుక, నేటి ఫ్లాట్లలో ఎక్కువ భాగానికి వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. అద్దె సక్రమంగా చెల్లిస్తూ ఒప్పందం పాటిస్తున్నంతకాలం అద్దెదారు ఏ ఆటంకమూ లేకుండా ఇంట్లో ఉండవచ్చని దాని 108వ సెక్షన్ చెబుతుంది. యజమాని గాని, ఆయన తరఫువారు గాని సబబైన వేళల్లో లోపలికి వచ్చి ఇంటి స్థితి చూసుకోవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. ఈ రెండో మాటను పట్టుకుని ‘నా ఇల్లు, నేనెప్పుడైనా వస్తాను’ అనే ఓనర్లు లేకపోలేదు. కాని అక్కడున్నది గోడ చెమ్మనో పైపు లీకేజీనో చూసుకునే వెసులుబాటు. కొత్తగా అద్దెకు వచ్చేవారిని వెంటబెట్టుకుని రావడం గురించి ఆ సెక్షన్‌లో మాటే లేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరికొంత స్పష్టంగా ఉంది: కనీసం 24 గంటల ముందు కారణం, రోజు, వేళ తెలుపుతూ నోటీసు ఇవ్వాలి, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తరువాత ఇంట్లోకి రాకూడదు. అయితే ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. పైగా మరమ్మతులు, ఇంటి స్థితి పరిశీలన కాక మరే కారణంతో రావాలన్నా ఆ కారణం అగ్రిమెంటులో రాసి ఉండాలని అదే అంటోంది. ఎటు తిరిగినా వ్యవహారం అగ్రిమెంటు దగ్గరికే వస్తుంది. మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో అడ్వాన్సు, మెయింటెనెన్సు, చివర్లో పెయింటింగు ఖర్చు ఎవరిదన్నదీ ఉంటాయి గాని ఈ సంగతి మాత్రం చాలావరకు ఉండదు.

తాళంచెవి ఇవ్వడం ఓనరుకు అన్నిటికంటే అనుకూలం. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే దంపతులకూ మొదట హాయిగానే అనిపిస్తుంది. కాని ఇల్లు చూడడమంటే నాలుగు గదులు చూసి వెళ్లడం కాదు. వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా అని నిలబడి లెక్క వేస్తారు, కుళాయి తిప్పి ‘మంజీరా నీళ్లా, బోరు నీళ్లా’ అని ఆరా తీస్తారు, కప్‌బోర్డు లోతు తెలుసుకోవడానికి మన బట్టలున్న తలుపే తెరుస్తారు. అది వారి తప్పు కాదు; వారు చూస్తున్నది మన సామాను కాదు, తమ సామాను పట్టే చోటు. బ్రోకరు వచ్చినప్పుడు ఇంకో తంటా ఉంది. అతను తీసిన వీడియోలో బీరువా ఎక్కడుందో, టేబుల్ మీద ఏ మందులున్నాయో, పాప ఫొటోలో యూనిఫాం ఏ బడిదో అన్నీ పడతాయి. అది ఎన్ని వాట్సాప్ గ్రూపులకు చేరుతుందో తీసినవాడికీ తెలియదు. రేపు ఏదైనా వస్తువు కనబడకపోతే ఎవరిని అడగాలో తేలదు, అనుమానం వచ్చి పడేది పాపం వాచ్‌మన్ మీద.

ఎవరినీ రానివ్వకపోవడం ఏకాంతానికి పూర్తి రక్షణ. అగ్రిమెంటులో షరతు లేనప్పుడు అలా అనడం అడ్డగోలుతనం కూడా కాదు. ఇంట్లో బాలింతో, మంచం పట్టిన పెద్దవారో ఉంటే నేనూ ఆ మాటే చెప్పమంటాను. మిగిలినవారికి మాత్రం ఇది సొంత డబ్బుకే అడ్డు వస్తుంది. అద్దెదారు అడ్వాన్సును విడిగా దాచి ఉంచే ఓనర్లు తక్కువ. కొత్తవారు ఇచ్చిన అడ్వాన్సులోంచే పాతవారికి తిరిగి ఇవ్వడం మన దగ్గర రివాజు. ఇల్లు త్వరగా కుదరడం ఓనరుకు ఎంత అవసరమో ఖాళీ చేసేవారికీ అంతే అవసరం.

అందుకే వేళ పెట్టడమే మేలని నా అభిప్రాయం. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు, ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు అని ఓనరుకు మెసేజ్ పెట్టి, ముందురోజే ఎవరు వస్తున్నారో చెప్పమనాలి. దీనిలోనూ కష్టం లేకపోలేదు: సెలవురోజు సగం పోతుంది, వస్తామన్నవారు రారు, ఓనరు మొహమాటపెట్టి ‘గేటు దగ్గరే ఉన్నారండీ, ఐదు నిమిషాలు’ అని రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు. ఆ ఒక్కసారి సరేనంటే పెట్టిన వేళకు విలువ ఉండదు. రాకపోకలు తగ్గాలంటే వీడియో అద్దెదారే తీసి ఇవ్వడం మంచిది. ఫొటోలు, కాగితాలు, నగల బీరువా పక్కనపెట్టి గదులు, కిటికీలు, బాల్కనీ మాత్రమే చూపిస్తే, అద్దె ఎక్కువనుకునేవారూ వాస్తు కుదరనివారూ అక్కడే ఆగిపోతారు, నిజంగా తీసుకోదలచినవారే గడప దాకా వస్తారు.

కొత్త ఇంట్లో దిగేటప్పుడు అగ్రిమెంటులో ఈ వాక్యం చేర్చమని అడగవచ్చు: ‘ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చిన తరువాత, యజమాని 24 గంటల ముందు తెలియజేసి, పగటి వేళ, అద్దెదారు సమక్షంలో మాత్రమే ఇంటిని ఇతరులకు చూపవచ్చును, అద్దెదారు అనుమతి లేకుండా లోపల ఫొటోలు, వీడియోలు తీయరాదు.’ డూప్లికేట్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, నీటి పైపు పగలడం వంటి అత్యవసరంలో తప్ప దాన్ని వాడరాదన్న మాటనూ దాని కిందే రాయించుకోవాలి. సంతకాల రోజున ఈ రెండు వాక్యాలకు అడ్డు చెప్పే ఓనరు, ఖాళీ చేసే నెలలో ఎలా ఉంటారో అప్పుడే ఊహించుకోవచ్చు.